బాతు ప్లేగు టీకా: మందుకు నాలుగు స్టార్లు, ప్యాకింగుకు రెండు

చెన్నైలో పశువుల మందుల షాపుకెళ్లి ఊరికే "బాతులకు టీకా" అని అడగకండి, కోళ్ల రాణిఖేత్ మందు చేతిలో పెట్టినా పెడతారు. బాతు ప్లేగు హెర్పిస్ కుటుంబపు వైరస్‌తో వస్తుంది, రాణిఖేత్‌ది వేరే కుటుంబం. ఆ మందు దీనికి అక్కరకు రాదు. లేబుల్ మీద "డక్ ప్లేగ్, లైవ్" (అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్) అని చూశాకే డబ్బులివ్వండి.

మందుకు వంక పెట్టలేం. బాతు వైరస్‌ని కోడి పిండాల్లో మళ్లీ మళ్లీ పెంచుతూ పోతే బాతుని చంపే గుణం పోతుంది, రక్షణ పుట్టించే గుణం మిగులుతుంది. ఇదీ తయారీలోని కిటుకు. చంపిన వైరస్‌తో చేసిన టీకాకు ఇంత పట్టు లేదు. పైగా ఈ లైవ్ టీకా త్వరగా పనిచేస్తుంది కనుక మందలో రోగం మొదలయ్యాక వేసినా ఇంకా సోకని బాతులు కొన్ని దక్కుతాయి. అప్పుడు మాత్రం బాతు బాతుకీ సూది మార్చాలి, లేదంటే రోగాన్ని మనమే ఎక్కించినట్టు.

చిక్కంతా ప్యాకింగుతోనే. వంద డోసుల వయల్ తెచ్చుకుంటే ముప్పై బాతులున్నవాళ్లు మిగతాది పారబోయాల్సిందే. గుమ్మిడిపూండి, తడ వైపు మేపేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పూట వేయించుకుంటే నష్టం ఉండదు. షాపువాళ్లిచ్చే పాలిథిన్ కవరు, రెండు ఐస్ ముక్కలు మే ఎండకి లోకల్ రైలు దిగేదాకా కూడా ఆగవు. థర్మాకోల్ డబ్బా, ఐస్ ప్యాకులు మీరే పట్టుకెళ్లండి.

వయల్‌లోని ఎండు టీకాలో కలిపే సెలైన్ కూడా చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. లేబుల్‌లో డోసు అర మిల్లీలీటరు అని ఉంటే వంద డోసులకు 50 మి.లీ., ఒక మిల్లీలీటరైతే 100. వ్యాక్యూమ్‌తో మూసిన వయల్‌లో సూది గుచ్చగానే సెలైన్ దానంతటదే లోపలికి లాగుకోవాలి. లాగకపోతే ఆ వయల్ పక్కన పెట్టండి. సిరంజిని మరిగించండి చాలు, స్పిరిట్‌తో కడిగితే టీకాలోని వైరస్ చస్తుంది. 8 నుంచి 12 వారాల వయసులో మెడ చర్మం కింద వేయాలి. కలిపాక గంట, రెండు గంటల్లో అయిపోవాలి. నలతగా ఉన్నవాటికి వద్దు.

ఆరు వారాల్లోపు పిల్లలు తల వెనక్కి విరుచుకుని చస్తుంటే అది డక్ హెపటైటిస్ (కాలేయాన్ని దెబ్బతీసే వేరే జబ్బు) కావచ్చు. ఈ టీకా దానికి పనిచేయదు. దాని టీకా గుడ్లు పెట్టే తల్లి బాతులకు ముందే వేయించాలి, రక్షణ పచ్చసొన ద్వారా పిల్లలకు అందుతుంది.