ఆవరణ శాస్త్ర క్షేత్ర పరికరాల పెట్టె: పనిముట్లు నమ్మదగినవి, చేతిపుస్తకాన్ని సవరించాలి

ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థుల కోసం తయారుచేసిన ఈ పెట్టెలో నేల మీద ఉంచి లోపలి మొక్కలను లెక్కించే క్వాడ్రాట్ అనే మడిచే చతురస్రపు చట్రం, రెండు కొలత టేపులు, గడ్డిపై ఊపి కీటకాలను పట్టే గుడ్డ వల, నీటి వల, చిన్న పురుగులను గొట్టంతో పీల్చి పట్టే పూటర్, పాకే పురుగులు పడేలా నేలలో పాతే గ్లాసులు, భూతద్దం, తెల్లని పళ్లెం, ఒక చేతిపుస్తకం ఉన్నాయి. ఒక ఆవాసంలోని జీవులన్నిటినీ లెక్కించడం ఎవరి తరమూ కాదు కనుక, కొద్ది భాగాన్ని పరిశీలించి మొత్తాన్ని అంచనా వేస్తాం. ఆ కొద్ది భాగం మొత్తానికి నిజంగా ప్రాతినిధ్యం వహించేలా పరికరాలూ సూచనలూ తోడ్పడుతున్నాయా లేదా అన్నదే నా పరీక్ష. పరికరాలు అందులో నెగ్గాయి; సూచనలు మాత్రం కొన్నిచోట్ల తప్పాయి.

పెట్టెలో అన్నిటికన్నా మెచ్చదగినది క్వాడ్రాట్. భుజం అర మీటరు, వైశాల్యం 0.25 చదరపు మీటర్లు; లోపల దారాలతో 100 సమానమైన గళ్లు ఉన్నాయి. మొక్కలను విడివిడిగా గుర్తించగలిగిన చోట వాటిని లెక్కపెట్టవచ్చు, గడ్డి, నాచు వంటివి అల్లుకుపోయిన చోట ఒక్కో గడిని ఒక్కో శాతంగా తీసుకుని అవి కప్పిన విస్తీర్ణాన్ని అంచనా వేయవచ్చు. పది క్వాడ్రాట్లలో కలిపి 30 మొక్కలు కనిపిస్తే, పరిశీలించిన వైశాల్యం 2.5 చదరపు మీటర్లు కనుక, సాంద్రత చదరపు మీటరుకు 12 అవుతుంది. మూలల కీళ్లు గట్టిగా బిగుసుకోవడం ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే చతురస్రం ఏమాత్రం ఒరిగినా వైశాల్యం తగ్గి లెక్క మారిపోతుంది.

అయితే ఈ మంచి చట్రాన్ని వెనక్కి తిరిగి భుజం మీదుగా విసరమని చేతిపుస్తకం చెప్పడం నాకు చాలా బాధ కలిగించింది. విసిరేవారు నిలబడ్డ చోటు, చేతి బలం, ముళ్లపొదలకు దూరంగా ఉండాలన్న సహజమైన కోరిక, ఇవన్నీ చట్రం ఎక్కడ పడాలో ముందే నిర్ణయిస్తాయి కనుక అది యాదృచ్ఛిక నమూనా కాదు. రెండు టేపులను లంబకోణంలో పరచి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నుంచి తీసిన జతలను నిరూపకాలుగా వాడి, ఆ బిందువు పొదలో పడినా సరే అక్కడే చట్రాన్ని ఉంచాలి. నీడ నుంచి ఎండలోకో, నీటి అంచు నుంచి గట్టు మీదికో పరిస్థితులు క్రమంగా మారే చోట మాత్రం ఆ మార్పు దిశలో గీసిన ట్రాన్సెక్ట్ అనే తిన్నని గీత వెంట సమాన దూరాల్లో పరిశీలించడమే సరైనది. ఆ భాగాన్ని పుస్తకం చక్కగా రాసింది. ప్రతి బిందువు దగ్గరా వెలుతురు, నేల తేమ వంటి నిర్జీవ కారకాలను కూడా నమోదు చేయిస్తుంది.

గ్లాసుల అంచును నేల మట్టానికి సరిగ్గా కలపాలనీ, వాన నీరు చేరకుండా పైన చిన్న కప్పు నిలపాలనీ ఉన్న సూచనలు సరైనవే. కానీ ఎక్కువగా తిరిగే పురుగులే ఎక్కువగా పడతాయనీ, కాబట్టి గ్లాసులోని సంఖ్య జనాభాను మాత్రమే కాక చురుకుదనాన్ని కూడా చూపుతుందనీ ఎక్కడా లేదు.

గుర్తుపెట్టి తిరిగి పట్టే పద్ధతికి ఒక అధ్యాయమే ఉంది. మొదట 40 నత్తలకు గుర్తుపెట్టి వదిలి, రెండోసారి పట్టిన 50లో 10కి గుర్తు ఉంటే, 40ని 50తో గుణించి 10తో భాగించగా జనాభా సుమారు 200 అని తేలుతుంది. ఈ లెక్క నిలబడాలంటే ఈ మధ్యకాలంలో రాకపోకలు, జనన మరణాలు చెప్పుకోదగినంతగా ఉండకూడదు, గుర్తుపెట్టినవి మిగతావాటితో బాగా కలిసిపోవాలి, గుర్తు వాటికి హాని చేయకూడదు. పుస్తకం మొదటి రెండు షరతులను వివరించి మూడోదాన్ని వదిలేసింది. పైగా ఇచ్చిన రంగు ముదురు ఎరుపు. పక్షుల కంట పడే చోట ఆ రంగు పూస్తే గుర్తున్నవే ముందుగా వేటకు బలవుతాయి, రెండోసారి తక్కువగా దొరుకుతాయి, జనాభా అంచనా అసలుకన్నా పెరిగిపోతుంది. చిన్న చుక్కను గుల్ల కిందివైపు పెట్టడం జీవికీ లెక్కకూ మేలు.

నీటి వల పిడి దృఢంగా ఉంది కానీ కన్నాలు ఒక మిల్లీమీటరు ఉండడం వల్ల చిన్న లార్వాలు జారిపోతాయి. రెండు చోట్లను పోల్చడానికి అదే వలను అంతే సేపు వాడితే ఇబ్బంది లేదు, జాతుల పూర్తి జాబితాకు మాత్రం ఇది చాలదు. పూటర్‌లో నోటితో పీల్చే గొట్టానికి జాలీ గట్టిగా అమరింది. భూతద్దం మామూలుగా ఉంది.

ఆవాసానికీ, అందులో ఒక జాతి నిర్వహించే పాత్రకూ ఉన్న తేడాను, జనాభా నుంచి జీవ సముదాయం, ఆవరణ వ్యవస్థ వరకు ఉన్న అంచెలను తొలి అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. ఎర్నెస్ట్ హెకెల్ 1866లో ఈ శాస్త్రానికి పేరు పెట్టడం, ఆర్థర్ టాన్‌స్లీ 1935లో ఆవరణ వ్యవస్థ అన్న భావనను ప్రవేశపెట్టడం కూడా క్లుప్తంగా ఉన్నాయి. ఎత్తిన రాయిని తిరిగి అదే తీరులో పెట్టాలనీ, పట్టిన జీవులను దొరికిన చోటే వదలాలనీ ప్రతి అభ్యాసం చివరా గుర్తుచేయడం నాకు ఎంతో నచ్చింది.

బోధించేవారు దగ్గరుంటే ఈ పెట్టెను నిస్సంకోచంగా కొనవచ్చు. ఒంటరిగా నేర్చుకునేవారు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికను, అర మిల్లీమీటరు కన్నాల వలను విడిగా సమకూర్చుకోవాలి.