పచ్చళ్ళ దుకాణంలో వాక్యూమ్ ప్యాకింగ్ యంత్రం: నాలుగేళ్ళ వాడకం తర్వాత

రావులపాలెం దగ్గర జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న మా దుకాణంలో పచ్చళ్ళు, పొడులు, మామిడి తాండ్ర, పిండివంటలు అమ్ముతాము. సరుకు చాలామటుకు ఇంట్లోనే తయారవుతుంది. పూతరేకులు, తాండ్ర మాత్రం ఆత్రేయపురం నుంచి తెప్పిస్తాము. సంచిలోని గాలిని లాగేసి మూతి అతికించే వాక్యూమ్ ప్యాకింగ్ యంత్రం కొని నాలుగేళ్ళు దాటింది. దీనివల్ల అమ్మకాలు నిజంగా పెరుగుతాయా అని తోటి దుకాణదారులు తరచూ అడుగుతున్నారు గనుక నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. ఊళ్ళోవారికి అమ్మే సరుకు దీనివల్ల ఏమీ పెరగలేదు. ఊరు దాటి వెళ్ళే సరుకు మాత్రం బాగా పెరిగింది. ఒకప్పుడు నామమాత్రంగా ఉన్న ప్యాకెట్ల అమ్మకం ఇప్పుడు మా మొత్తం వ్యాపారంలో ఇంచుమించు మూడో వంతుకు చేరింది.

మాది బల్ల మీద పెట్టుకునే ఛాంబర్ రకం. నింపిన సంచిని లోపల పెట్టి, దాని మూతి సీలు పట్టీ మీద ఆనేలా సర్ది, పైన ఉన్న దళసరి మూత వేస్తే, పంపు ఆ పెట్టెలోని గాలినంతా లాగేస్తుంది. ఆ తర్వాత పట్టీ వేడెక్కి సంచి మూతిని అతికిస్తుంది. ఇళ్ళలో వాడే చవక రకం యంత్రాలు సంచి మూతి దగ్గర నుంచి గాలిని పీలుస్తాయి కాబట్టి, ఆవకాయ వంటి సరుకు పెడితే గాలితో పాటు నూనె కూడా ఎగదన్ని అతుకును పాడుచేస్తుంది. ఛాంబర్ రకంలో సంచి లోపలా బయటా ఒత్తిడి ఒకేసారి తగ్గుతుంది గనుక నూనె ఉన్నచోటే ఉంటుంది. పచ్చళ్ళు అమ్మేవారు ఈ ఒక్క తేడా కోసమే ఎక్కువ డబ్బు పెట్టడం సబబని నా అభిప్రాయం. ధర పెద్ద ఫ్రిజ్జు కన్నా ఎక్కువే అవుతుంది. మామూలు సింగిల్ ఫేజు కరెంటుతో నడుస్తుంది.

అయితే యంత్రం చేసే పని సగమే. మిగతా సగం నింపేవారి చేతిలో ఉంది. ముందుగా సంచి మూతిని బయటివైపుకు మడిచి, వెడల్పాటి గరాటుతో పచ్చడి దించి, మూడింట రెండు వంతులకు మించకుండా నింపి, ఆ తర్వాతే మడత విప్పాలి. మూతి లోపలివైపు ఒక్క ఆవగింజ తునక అంటుకున్నా సీలు పైకి బాగానే కనబడుతుంది, కాని రెండో రోజుకు సరిగ్గా ఆ చోటే నూనె చెమరుస్తుంది. పూర్తిగా చల్లారని సరుకుతో మరో చిక్కు ఉంది. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి, గోరువెచ్చగా ఉన్న గోంగూర పచ్చడిని లోపల పెడితే పొయ్యి లేకుండానే మూత కింద తుకతుకలాడుతుంది. మా పనివాళ్ళకు అదొక వినోదం. కాని ఆ ఆవిరి పంపులోకి పోయి అక్కడి నూనెలో కలుస్తుంది; పంపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే, లేత పసుపు రంగులో తేటగా ఉండవలసిన నూనె పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటుంది. అలా తెల్లబడ్డాక నూనె మార్చక తప్పదు, మార్చకుండా నడిపితే పంపే పోతుంది.

ఇక అమ్మకాల సంగతి. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చినవారు కనుమ దాటగానే తిరుగు ప్రయాణం కడతారు, పోతూ పోతూ మా దగ్గర ఆగుతారు. వారి ప్రశ్న ఒక్కటే: "ఏమండీ, ఇది కారదు కదండీ?" ప్లాస్టిక్ డబ్బాకు కాగితం చుట్టి, దానిపైన రెండు కవర్లు తొడిగి ఇచ్చే రోజుల్లో ఈ ప్రశ్నకు మా దగ్గర గట్టి సమాధానం ఉండేది కాదు, పెట్టెలోని పండగ బట్టలు గుర్తుకొచ్చి, రెండు కిలోలు కొనవలసినవారు అర కిలోతో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు ప్యాకెట్టును వారి ఎదుటే బల్ల మీద బోర్లించి, అరచేత్తో బరువంతా మోపి నొక్కి, కింద పరిచిన తెల్ల కాగితాన్ని చూపిస్తాము. ఆ కాగితం మీద మరక లేకపోవడం తెచ్చిపెట్టినంత బేరం రోడ్డు మీద పెట్టిన ఫ్లెక్సీ బోర్డు ఏనాడూ తెచ్చిపెట్టలేదు.

అమెరికా వెళ్ళేవారి విషయంలో బరువు కూడా కలిసివచ్చింది. విమానంలో చాలావరకు పెట్టెకు 23 కిలోలే అనుమతిస్తారు. అందులో గాజు సీసాల బరువు దండగ. కూతురి పురుడుకు వెళ్ళే తల్లులు మాగాయ, కందిపొడి, కరివేపాకు పొడి, తాండ్ర పట్టుకెళ్ళాలనుకుంటారు, కాని ఏదీ కిలోల కొద్దీ అవసరం ఉండదు. వారి కోసం పావు కిలో ప్యాకెట్లు మొదలుపెట్టాము. నిజానికి, వాక్యూమ్ కన్నా ఈ పావు కిలో కొలతే ఎక్కువ అమ్మించిందేమోనని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది: ఒక రకం కొనేవారు నాలుగు రకాలు కొంటున్నారు, నచ్చిన రకాన్ని మళ్ళీ ఫోను చేసి పంపమంటున్నారు. పార్సిలు వ్యాపారానికి మాత్రం ఒడుదొడుకులు తప్పవు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా ప్రభుత్వం 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును ఎత్తివేసింది. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ కూడా అక్కడికి పార్సిళ్ళు తీసుకోవడం ఆపి, తిరిగి అక్టోబరులో ప్రారంభించింది. ఆ మధ్యకాలంలో మాకు కొరియరు ఆర్డర్లు బాగా పడిపోయాయి, పెట్టెల్లో పట్టుకెళ్ళేవారి కొనుగోళ్ళు మాత్రం తగ్గలేదు.

స్థానికుల లెక్క వేరు. వాక్యూమ్ ప్యాకెట్టు చూపిస్తే ఒక పెద్దావిడ, "ఊపిరాడని పచ్చడి నాకెందుకు బాబూ, ఆ జాడీలోంచి తీసి పెట్టు" అన్నారు. ఆవిడ అన్నది సబబే. వాసన చూసి, వేలితో నాలుక్కి రాసుకుని కొనే మనిషికి బిగుసుకుపోయిన సంచి ఏమీ చెప్పదు. అందుకే జాడీలను బల్ల మీద నుంచి తీయలేదు. ప్రయాణికులకు కూడా ముందు జాడీలోంచి తీసి వేడి అన్నంలో ఒక ముద్ద రుచి చూపించి, ఆ తర్వాతే ప్యాకెట్టు చేతికిస్తాము. యంత్రం కొన్నాక జాడీలు అటకెక్కించిన ఒకరిద్దరు దుకాణదారులు ఆ తర్వాత వాటిని మళ్ళీ కిందికి దించారు. ఆషాఢం, శ్రావణాల్లో సారె సరుకుకు కూడా దీనితో పని లేదు. సారె అంటే వీధిలో నలుగురికీ కనబడేలా పళ్ళేల్లో, బుట్టల్లో వెళ్ళవలసినది.

కొన్ని రకాలకు ఈ యంత్రం శత్రువు. గాలి లాగగానే పూతరేకులు నలిగి పొడి అవుతాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత వాటిని అడిగేవారు పెరిగినా, ఈనాటికీ అట్టపెట్టెలోనే ఇస్తున్నాము. మడత కాజా మడతల్లోని పాకం బయటికి వచ్చి సంచికి అంటుకుంటుంది. జంతికలు విరిగిపోతాయి, వాటికి గాలికి బదులు నైట్రోజన్ నింపి సంచిని ఉబ్బుగా ఉంచే ఏర్పాటు ఉన్న యంత్రం కావాలి, మాదానికి అది లేదు. చల్ల మిరపకాయల తొడిమలు సంచిని సూదుల్లా పొడుస్తాయి. తాండ్ర, సున్నిపిండి, పొడులు మాత్రం దీనికోసమే పుట్టినట్టు ఇముడుతాయి. వానాకాలంలో మా ప్రాంతపు గాలిలోని చెమ్మకు గడ్డకట్టే కందిపొడి, ఈ సంచిలో తెరిచేదాకా పొడిపొడిగానే ఉంటుంది.

ఆరోగ్యం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. గాలి తీసేస్తే బూజు పట్టదు, నూనె ముక్క వాసన రావడం ఆలస్యమవుతుంది. అంతమాత్రాన ఏ సరుకైనా నిలవ ఉంటుందనుకోవడం ప్రమాదం. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా గాలి లేనిచోటే పెరిగి విషం పుట్టిస్తుంది. ఆవకాయ, మాగాయ వంటి వాటిలో పులుపు, ఉప్పు దానిని పెరగనివ్వవు. ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువ ఉన్న పదార్థాల్లో అది పెరగలేదు. పులుపు తక్కువగా ఉండి తడి ఉన్న కూరలను, ఉడికించిన రొయ్యలను, మాంసాన్ని ఇలా ప్యాకు చేసి బయట పెట్టకూడదు. అలా చేసిపెట్టమని అడిగేవారు వారానికి ఒకరైనా వస్తారు. బేరం పోయినా వద్దనే చెబుతాము. అలాగే, వాక్యూమ్ చేశాము కదా అని గడువు తేదీని ఇష్టం వచ్చినట్టు పొడిగించకూడదు. ప్యాకెట్టు మీద దినుసులు, నికర బరువు, తయారైన తేదీ, గడువు, ధర, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండవలసిందే. ఈ లేబులు పని మొదట విసుగనిపించింది, కాని పట్నంలో ఇంకొకరి చేతికి వెళ్ళిన ప్యాకెట్టు మీద మా ఫోను నంబరు ఉండడం వల్లనే కొత్త ఖాతాదారులు వచ్చారు.

నిర్వహణలో సీలు పట్టీ మీది టెఫ్లాన్ టేపు తరచూ మాడుతుంది. వేడెక్కే తీగ అప్పుడప్పుడూ తెగుతుంది. రెండూ చవకే, మనమే మార్చుకోవచ్చు. అసలు బాధ సర్వీసుతో వచ్చింది. పండగ ముందు రద్దీలో లోపలి సర్క్యూటు బోర్డు పోతే, అమ్మిన కంపెనీ మెకానిక్కు "రేపొస్తానండి" అంటూ పండగ వెళ్ళిపోయాక వచ్చాడు. ఆ కంపెనీ వారెంటీ కాగితం మీద ఉన్నంత శ్రద్ధ వారి మనుషుల్లో నాకు కనబడలేదు. సంచుల ఖర్చు కూడా తక్కువ కాదు: నైలాన్ పొర కలిసిన దళసరి సంచి మామూలు కవరు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు, దానిని సరుకు ధరలో కలపకపోతే పావు కిలో ప్యాకెట్టు మీద లాభం మిగలదు.

బస్టాండు, రహదారి, రైల్వే స్టేషను దగ్గర ఉండి ప్రయాణికులకు అమ్మేవారు, విదేశాలకు పిల్లలను పంపిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్ళవారు దీనిని నిస్సంకోచంగా కొనవచ్చు. లోపలి పల్లెల్లో రోజువారీ బేరం మీద నడిచే దుకాణానికి ఆ డబ్బుతో మంచి నూనె, మంచి కాయ కొనడమే మేలు. కొనదలచినవారు కేటలాగు చూసి డబ్బు కట్టవద్దు. మీ సొంత ఆవకాయను ఒక గిన్నెలో పట్టుకుని అమ్మేవారి దగ్గరకు వెళ్ళి, వారి యంత్రం మీద మీ చేత్తోనే నాలుగైదు సంచులు సీలు చేసి చూడండి. వాటిని ఇంటికి తెచ్చి, బియ్యం బస్తా కింద రెండు రోజులు ఉంచి, కింద పరిచిన కాగితానికి నూనె అంటకపోతే అప్పుడు ధర మాట్లాడండి. మాట్లాడేటప్పుడు మీ జిల్లాలో వారి మెకానిక్కు ఎక్కడ ఉంటాడో కూడా అడగండి.