కలంకారీ డ్రాయింగ్ ఆన్‌లైన్ కోర్సు కొనబోతున్నారా? కాస్త ఆగండి

'శ్రీకాళహస్తి కలంకారీ, తొలి గీత నుంచి రంగుల దాకా, కిట్‌తో సహా' అని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. పెన్సిల్ డ్రాయింగ్ కొంత వచ్చు, కలంతో గీత మీద పట్టు రావాలని ఆ కోర్సు తీసుకున్నాను. దయచేసి మీరు మాత్రం డబ్బు కట్టకండి.

శ్రీకాళహస్తి పని అంటేనే చేత్తో గీసేది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు ఆకారం వేసుకుని, దాని మీద కలంతో గీత లాగుతారు. చెక్క అచ్చులతో అద్దడం మచిలీపట్నం, పెడన వైపు పద్ధతి. అదీ గొప్ప పనే, కానీ నేను డబ్బు కట్టింది దానికి కాదు. ఈ కోర్సులో సగానికి పైగా వీడియోలు అచ్చులు అద్దడం మీదే ఉన్నాయి, మిగతా వాటిలోనైనా గీయడం నేర్పుతారేమో అనుకుంటే నెమలి బొమ్మ ప్రింట్ తీసుకుని కార్బన్ పేపర్‌తో గుడ్డ మీదకు దించుకోమన్నారు. కలం ఎలా పట్టుకోవాలి, ఎక్కడ నొక్కితే ఎంత సిరా దిగుతుంది, ముఖం కొలతలేంటి, ఇవేవీ లేవు. లైవ్ అని చెప్పిన క్లాసులన్నీ పాత రికార్డింగులే.

కిట్ గురించి చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దారంతో కట్టిన కలం బదులు ప్లాస్టిక్ బ్రష్ పెన్ను పంపారు. కసిం అని లేబుల్ అంటించిన సీసాలో ఉన్నది నల్ల ఫాబ్రిక్ పెయింట్. అసలు కసిం అంటే తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెట్టింది. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు, ఆ కరక్కాయ మీద కసిం పడితేనే గీత నల్లబడుతుంది, పాలలో కొవ్వు ఉండబట్టి పక్కకి పాకదు. వీళ్లు పంపిన మామూలు తెల్ల కాటన్ ముక్క మీద నిజమైన కసిం వేసినా ఆ నలుపు రాదు.

డబ్బు వెనక్కి అడిగితే 'వీడియో ఓపెన్ చేశారు కాబట్టి కుదరదు' అన్నారు, మళ్లీ అడిగేసరికి వాట్సాప్‌లో బ్లాక్ చేశారు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాను. డబ్బు కట్టాక అసలు ఏమీ పంపకుండా మాయమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు. ప్రకటన స్క్రీన్‌షాట్, పేమెంట్ రసీదు తప్పకుండా దాచుకోండి.

ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు, నేర్పే మనిషి ఖాళీ గుడ్డ మీద బొగ్గుతో మొదలుపెట్టి కలం గీత దాకా వేసిన వీడియో, మధ్యలో కత్తిరించనిది, పంపమని అడగండి. పని తెలిసినవాళ్లకి అది పెద్ద కష్టం కాదు. కిట్‌లో గుడ్డకి కరక్కాయ పట్టించారా, కసిం ఎవరు ఊరబెట్టారు అని కూడా అడగండి, 'క్లాసులో చెప్తాం' అని దాటేస్తే వదిలేయండి. తిరుపతి చుట్టుపక్కల ఉంటే శ్రీకాళహస్తి వెళ్లి అక్కడ గీసేవాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకునే వీలుందేమో కనుక్కోండి. ఇదే కోర్సు ఇప్పుడు పేరు మార్చి, అదే నెమలి బొమ్మతో మళ్లీ ప్రకటనల్లో కనిపిస్తోంది.