స్విఫ్ట్ ముందు బ్రేకులు 6,300 రూపాయల్లో: 42,000 కిలోమీటర్లు తిరిగినంక నా మాట

మాది నల్లగొండ. బండి 2015 స్విఫ్ట్ డీజిల్. నా పని విత్తనాలు, పురుగుమందుల మార్కెటింగ్, కాబట్టి వారంల నాలుగైదు రోజులు హాలియా, దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు తిరుగుడే. 2022 అక్టోబర్ల బండి 1,31,000 మీద ఉన్నప్పుడు ముందు రెండు చక్రాలకు డిస్కులు (చక్రంతోని తిరిగే ఇనుప పళ్లాలు), ప్యాడ్లు (బ్రేకు తొక్కితే వాటిని రెండు దిక్కుల అదిమి పట్టేవి) రెండూ కొత్తవి ఏయించిన, ఇప్పుడు 1,73,000 దాటింది. మొన్న ఆదివారం చక్రాలు విప్పి మళ్ళ కొలిచినం, ఆ లెక్కలు చేతిల ఉన్నయి కాబట్టి రాస్తున్న.

దానికంటె ముందు జరిగిన సంగతి చెప్పాలె, నా పైసలు అసలు పోయింది అక్కడనే. అదే ఏడు సంక్రాంతి ముందట బ్రేకు కొడితే సన్నగ అరుస్తుందని ఒక షెడ్డుకు తీస్కపోయిన, ప్యాడ్లు అయిపోయినయన్నరు, లేబర్ తోని కలిపి 1,300 కు కొత్తవి ఏసి పంపిండ్రు. అరగంటల పని ఒడిసింది. అవి 12,000 కిలోమీటర్లకే అయిపోయినయి, అయిపోయినయని నాకు తెల్వను కూడా తెల్వలె. మంచి ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటది, లైనింగ్, అంటె ప్యాడ్ మీద అరిగే పొర, సన్నగైనంక ఆ రేకు డిస్కుకు తాకి కీచుమని అరుస్తది, మార్చమని చెప్పుడన్నట్టు. నాకు ఏసినవాటికి ఆ రేకే లేదు.

దసరా సెలవులకు ఇంటిల్లిపాదిమి దిండి మీదికెళ్లి శ్రీశైలం పోయినం. మన్ననూరు దాకా ఏం లేదు, దోమలపెంట దాటి డ్యాం దిక్కు దిగుతుంటే మలుపు మలుపుకు బ్రేకు తొక్కుడాయె, స్టీరింగ్ వణుకుడు షురూ అయింది, తర్వాత మాడు వాసన, తర్వాత పెడల్ మెత్తగ లోపలికి పోతుంది, వెనుక సీట్ల పిల్లలు, నా అరికాళ్లల్ల చెమటలు. జాగ దొరికిన కాడ పక్కకు ఆపి అరగంట చల్లారనిచ్చిన. ఎడమ ముందు చక్రం దగ్గరికి చెయ్యి తీస్కపోతే పొయ్యి కాడ పెట్టినట్టు సెగ, కుడిది మామూలుగ ఉన్నది. మిగిలిన దారి రెండో గేర్ల మెల్లగ దించిన. బండి నడిపేటోళ్లు ఇదొక్కటి అలవాటు చేసుకోండి, దూరం పోయి వచ్చినంక రెండు దిక్కుల చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు, దగ్గరికి పెడితే చాలు, ఒక దిక్కు సెగ ఎక్కువుంటే ఆ దిక్కు బ్రేకు విడవకుండ పట్టుకునే ఉంటున్నదన్నట్టు.

వచ్చినంక ఒక పెద్ద వర్క్‌షాపుల అడిగితే 11,400 ఎస్టిమేట్ ఇచ్చిండ్రు. రేటు సంగతి అటుంచితే డిస్కులు ఎందుకు మార్చాలె, ఎంత అరిగినయి అని అడిగితే కొలిచి చూపెట్టినోళ్లు లేరు, నాకు అదే బాధ అనిపించింది.

మా తమ్ముడు చెప్తే దేవరకొండ రోడ్డు మీద ఇంకో షెడ్డుకు పోయిన. అక్కడి మెకానిక్ భాయ్ ముందుగాల ఏ సామాను తెమ్మనలే, రెండు చక్రాలు విప్పి ప్యాడ్లు తీసి నా చేతిల పెట్టిండు. ఎడమ చక్రం బయటి ప్యాడ్ ల ఇంకా 6 మిల్లీమీటర్లు ఉన్నది, లోపలిది ఇనుప ప్లేటుకు వచ్చింది. ఒకటే చక్రం, ఒకటే రోజు ఏసిన ప్యాడ్లు, ఇంత తేడా ఎట్ల అంటే, "సార్, పిన్నులు పట్టేసినయి, ఎన్ని ప్యాడ్లు ఏసినా ఇంతే" అన్నడు. మన బండ్ల కాలిపర్ కు, అంటె ప్యాడ్లను పట్టి డిస్కు మీదికి ఒత్తే భాగానికి, పిస్టన్ ఒక్క దిక్కే ఉంటది. అది లోపలి ప్యాడ్ ను డిస్కుకు ఒత్తుతది, అప్పుడు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్ ను గూడ గుంజుకొస్తది. పిన్నులల్ల గ్రీజు ఎండి దుమ్ము పట్టి బిగుసుకపోతే అది జరగది, లోపలి ప్యాడ్ ఒక్కటే భారమంత మోస్తది, కాలు తీసినా సక్కగ విడవది. నా బండి కింది పిన్ను చేతితోని రాలె, పాన పెట్టి తిప్పుతె తుప్పు పొడి రాలింది. మొదటి షెడ్డుల అది చూసి గ్రీజు పెట్టి ఉంటె నాకు శ్రీశైలం దారిల ఆ గోస రాకపోవు.

తర్వాత డిస్కులు. డిస్కు ఎంత సన్నగ అయ్యేదాక వాడొచ్చో దాని మీదనే అచ్చు కొట్టి ఉంటది, తుప్పు గీకితే కనవడ్డది. కొలుసుడు ఒక తిరకాసు. ప్యాడ్ తాకని అంచు అరగదు, గట్టులెక్క లేచి ఉంటది, మందం కొలిచే వెర్నియర్ పెడితే ఆ గట్టు మీదనే కూసుంటది, మందం ఎక్కువ చూపిస్తది. భాయ్ ఏం చేసిండంటే రూపాయి బిళ్లలు రెండు తీసి డిస్కుకు ఇటొకటి అటొకటి పెట్టి వాటి మీది నుంచి కొలిచి, బిళ్లల మందం తీసేసిండు. ఎడమది లిమిట్ కంటె ముప్పావు మిల్లీమీటర్ తక్కువ వచ్చింది, కుడిది లిమిట్ కు సరిగ్గ ఉన్నది. లేత్ మిషన్ మీద చెక్కి చదును చేయిస్తే 400 ల అయిపోతది కదా అని నేను అడిగిన, పక్క షాపాయన కూడ అదే అన్నడు. డిస్కు మందంగ ఉండి మీద గీతలు పడితే లేత్ మంచిదే, కానీ ఆల్రెడీ లిమిట్ కిందికి పోయినదాన్ని ఇంకా చెక్కితే మరింత సన్నగైతది, వేడి తట్టుకోదు. ఘాట్ ల అనుభవం అయినంక నేను దాని మీద బేరమాడదల్సుకోలె. డిస్కులు ఎప్పుడైనా జతగనే మార్చాలె, ఒక దిక్కు కొత్తది ఒక దిక్కు పాతది ఏస్తే బండి పక్కకు గుంజొచ్చు.

సామాను నేనే కొన్న. బాష్ ప్యాడ్లు సెట్టు 1,480, మారుతి జెన్యూన్ డిస్కులు రెండు 3,100, బ్రేక్ ఆయిల్ అర లీటరు 290, పిన్నులు, వాటి మీది రబ్బరు తొడుగుల (బూట్ల) కిట్టు 320, సిలికాన్ గ్రీజు 150, బ్రేక్ క్లీనర్ స్ప్రే 260, భాయ్ లేబర్ 700. మొత్తం 6,300. ఇవి నాకు పడ్డ అప్పటి రేట్లు. రానే, టీవీఎస్ ప్యాడ్లు కూడా దొరుకుతయి, హైదరాబాద్ పోయే పని ఉంటె రాణిగంజ్ ల అన్నీ ఒక్కతాననే ఉంటయి, కానీ ఎక్కడ కొన్నా బిల్లు తీస్కోండి, సీలు, హోలోగ్రామ్ చూడండి, ప్యాడ్లల్ల డూప్లికేట్ మస్తు తిరుగుతది.

బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్న. పాత డిస్కు తుప్పుతోని చక్రం బిగించే హబ్ కు అంటుకపోయింది, నేను సుత్తెతోని కొడతడనుకున్న, భాయ్ డిస్కు మీద ఉన్న రెండు మర రంధ్రాలల్ల 8 మిల్లీమీటర్ల బోల్టులు ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగించుకుంట పోతే దానంతట అదే ఊడి వచ్చింది, బేరింగ్ కు దెబ్బ తగల్లేదు. తర్వాత హబ్ ముఖం ఇనుప బ్రష్షుతోని మెరిసేదాక రుద్దిండు. ఇది చాన మంది చెయ్యరు. ఆ తుప్పు పెళ్ల మీద కొత్త డిస్కు పెడితే అది రవ్వంత వంకరగ కూసుంటది, కొన్ని నెలలకు మళ్ళ స్టీరింగ్ వణుకుతది, మనం డిస్కు మంచిది కాదంటం. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండ నూనె పూసి ఉంటది, అది స్ప్రే కొట్టి గుడ్డతోని తుడవాలె. పిన్నులకు సిలికాన్ గ్రీజే పెట్టాలె, మామూలు గ్రీజుకు రబ్బర్లు ఉబ్బుతయి. దుమ్ము నోటితోని ఊదొద్దు, గాలి కొట్టొద్దు, తడి చేసి తుడవాలె. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బాల బ్రేక్ ఆయిల్ పొంగుతది, అది బాడీ మీద పడితే పెయింట్ లేస్తది. అంతా అయినంక పెడల్ గట్టిపడేదాక తొక్కి, అప్పుడే బండి కదిలియ్యాలె, మొదటి తొక్కుడుకు బ్రేకు అస్సలు పడది.

కొత్త ప్యాడ్లు డిస్కుకు సక్కగ కుదురుకోవాలె కాబట్టి, తెల్లారి 5:30 కు తిప్పర్తి దిక్కు ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాక మెల్లగ తగ్గించుడు, మళ్ళ పికప్, ఒక పది సార్లు, మధ్యల పూర్తిగ ఆపకుండ. తర్వాత చల్లారనిచ్చిన. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టు జర తక్కువనిపించింది, ఏ కొత్త ప్యాడ్లకైనా ఉండేదే అది.

వాడకం సంగతికి వస్తే, వణుకుడు ఆ రోజు పోయింది మళ్ళ రాలె. వానాకాలం పొద్దుగాల మొదటి ఒకటి రెండు బ్రేకులకు గరగరమంటది, రాత్రి డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు అది, దానంతటదే పోతది. నాకు ఈ పైసలు వసూలైంది మాత్రం నిరుడు యాసంగి కోతలప్పుడు. హాలియా నుంచి రాత్రి వస్తున్న, ఎదురుంగ లారీ లైట్లు, అది దాటంగనే నా సైడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నయి, చుట్టూర అడ్డం రాళ్లు, మధ్యల ఒక పెద్దమనిషి నడుం వంచి వడ్లు కుప్ప చేస్తుండు. 70 ల ఉన్న. తొక్కిన, బండి నిక్కచ్చిగ సూటిగ ఆగింది, రాయికి బంపర్ కు మధ్యల ఒక మూరెడు. ఆయన తలెత్తి చూసి "పైలం బిడ్డా" అన్నడు. పాత బ్రేకులతోని అయితే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకోను.

ప్రతి 15,000 కు ఒకసారి పిన్నులు తీసి తుడిచి గ్రీజు పెట్టిస్తున్న, భాయ్ 200 తీస్కుంటడు. 28,000 కాడ ఎడమ కింది బూటు రబ్బరు చిరిగింది, అది ఒక్కటి మార్చినం. బ్రేక్ ఆయిల్ రెండేండ్లకు మార్చిన, అది గాలిల తేమ పీల్చుకుంటది, తేమ ఎక్కువైతే వేడికి తొందరగ మరిగి ఘాట్ ల పెడల్ మెత్తబడేది అందుకే. ఈ శివరాత్రికి ముందు మళ్ళ శ్రీశైలం పోయినం, ఐదుగురం, డిక్కీ నిండ సామాను, ఈసారి మొదటి నుంచే రెండో గేర్ల దిగిన, కిందికి వచ్చినంక రెండు చక్రాల సెగ సమానంగ ఉన్నది.

మొన్నటి కొలతలు: కొత్తగున్నప్పుడు 10 మిల్లీమీటర్ల పైన ఉన్న లైనింగ్ ఇప్పుడు బయట 5, లోపల 4.5, రెండు చక్రాలకూ దాదాపు అంతే. డిస్కులు అర మిల్లీమీటర్ కూడా అరగలె. 3 కు రాంగనే ప్యాడ్లు మారుస్త, డిస్కులు ఇవే ఉంచుత, అప్పుడు లేబర్ తోని 2,500 లోపల అయితదని భాయ్ లెక్క. సిలికాన్ గ్రీజు ట్యూబ్ ల ఇంకా సగం మిగిలే ఉన్నది.