అమీర్‌పేటలో క్లస్టర్ టైమ్ కొనబోతున్నారా? బిల్లు కట్టేముందు ఇది చదవండి

థీసిస్ ఎనాలిసిస్‌లు చేసిపెడుతూ పక్కన క్లస్టర్ టైమ్ (చాలా కంప్యూటర్లు కలిపిన పెద్ద మెషీన్ మీద సమయం) కూడా కోర్-గంటల లెక్కన, అంటే ఒక్కో ప్రాసెసర్ కోర్‌కి గంటకింత అని, అమ్ముతారే, వాళ్ళే. పేరు రాయను. ఒకసారి కొన్నవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

నాది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటా మీద మల్టీలెవెల్ మోడల్ (ఇల్లు, ఊరు, జిల్లా లాంటి అంచెల్ని కలిపి చూసే లెక్క), దానికి బూట్‌స్ట్రాప్ (డేటాలోంచి మళ్ళీమళ్ళీ శాంపిల్ తీసి అదే లెక్క వేయడం). ల్యాప్‌టాప్ చేతులెత్తేసింది, గైడ్ నెత్తిన కూర్చున్నారు, పోయి అడ్వాన్స్ కట్టా. ఆర్ (స్టాటిస్టిక్స్‌కి వాడే ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టూ, స్లర్మ్ (క్లస్టర్‌లో ఎవరి పనికి ఎన్ని కోర్లో పంచే సాఫ్ట్‌వేర్) జాబ్ ఫైలూ నేనే రాసిచ్చా. ఒక కోర్, 96 గంటలు. మామూలు ఫర్ లూప్ అది, ఒకే పనిని ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పే కోడ్. మనం కోడ్‌లో విడిగా ఏర్పాటు చేసుకుంటే తప్ప ఆర్‌లో అలాంటి లూప్ ఒక్క కోర్ మీదే నడుస్తుంది. సబ్మిట్ మాత్రం వాళ్ళే చేస్తారట. రూలట.

బిల్లు 6,144 రూపాయలు! రిజల్ట్ లేదు. లాగ్ ఫైల్ తెరిస్తే ఏదో ఇటరేషన్ నంబర్ దగ్గర ఆగిపోయి, కింద 'డ్యూ టు టైమ్ లిమిట్' అని ఉంది. 48 గంటలకే చంపేశారు.

లాగిన్ అయి సెఫ్ (జాబ్ ఎన్ని కోర్లు తీసుకుంది, ఎంత వాడింది చూపే కమాండ్) కొట్టా. కోర్లు 32. సీపీయూ ఎఫిషియెన్సీ 3.12 శాతం. అంటే 32లో ఒకటి పని చేసింది, మిగతా 31 కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాయి, వాటికీ గంటకి నాలుగేసి రూపాయలు నేనే కట్టాలి. జాబ్ ఫైల్ తెరిచి చూస్తే సీపీయూస్-పర్-టాస్క్ (ఎన్ని కోర్లు కావాలో చెప్పే లైను) దగ్గర నేను రాసిన 1 లేదు, 32 ఉంది. 96 పోయి 48 అయింది. కింద నా పేరుతో నేను రాసుకున్న కామెంట్ మాత్రం భద్రంగా అలాగే ఉంది. ఎంత మర్యాదో!

వెళ్ళి స్క్రీన్ చూపించా. కౌంటర్ దగ్గరాయన ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"స్పీడ్ అయితదని పెట్టినం సార్, మీ మంచికే."

"ఒక్క కోర్ మీదే నడిచే కోడ్ అన్నా, 32 ఇస్తే స్పీడ్ ఎలా అవుతుంది?"

"మీ కోడ్ స్లో ఉంటే మేమేం చేస్తం? పీహెచ్‌డీ చేస్తున్రు, గంత కూడ తెల్వదా?"

వెనక కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. 48 గంటలకి 192 రూపాయలు అవ్వాల్సిన బిల్లు పట్టుకుని, ఫైల్ మార్చినవాడి చేత స్టాటిస్టిక్స్ పాఠం చెప్పించుకుని బయటికొచ్చా. డబ్బుకంటే ఆ నవ్వు ఎక్కువ మండుతోంది.

కొనక తప్పదంటే, జాబ్ ఎక్కగానే ఎస్‌కంట్రోల్ షో జాబ్ కొట్టి కోర్లూ, టైమ్ లిమిటూ మీరిచ్చినవేనా చూసుకోండి. తేడా ఉంటే ఎస్‌క్యాన్సిల్ కొట్టి ఆపేయండి. నిజంగా 32 కోర్లు వాడాలంటే బూట్‌స్ట్రాప్‌ని ముక్కలు చేసి అర్రే జాబ్‌గా (ఒకే ఫైల్‌తో చాలా చిన్న జాబ్‌లుగా) వేయండి, ఒక్కో ముక్కకి ఒక కోర్, వేరే సీడ్, అంటే ర్యాండమ్ నంబర్లు మొదలుపెట్టే అంకె (ఒకే సీడ్ ఇస్తే అన్ని ముక్కలూ ఒకటే సమాధానం చెప్తాయి). ఏ ముక్క రిజల్ట్ ఆ ముక్కకే సేవ్ చేయండి. అసలు కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ళకి పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ ఉంది, గైడ్ చేత ఒక మెయిల్ పెట్టించి అడిగితే పోయేదేముంది.

సెఫ్ స్క్రీన్‌షాట్, రెండు జాబ్ ఫైళ్ళూ నా దగ్గరున్నాయి, కావాలంటే పంపిస్తా. అడ్వాన్స్‌లో మిగిలింది అడిగితే "నెక్స్ట్ జాబ్‌లో అడ్జస్ట్ చేస్తం సార్" అన్నాడు.