కుమ్ పట్టు తివాచీయా, ఇస్ఫహాన్ ఉన్ని తివాచీయా: ఏది మేలు?

కుమ్, ఇస్ఫహాన్ రెండూ ఇరాన్‌లో తివాచీలకి పేరున్న ఊళ్లు. దుకాణంలో ఆ రెండు ఊళ్ల తివాచీలూ పక్కపక్కన పరిస్తే మొదటి చూపు కుమ్ తివాచీదే. ఇటు నుంచి ముదురు నీలంగా ఉన్నది, అటు వెళ్లి చూస్తే వెండిలా మెరుస్తుంది. నూగు (తివాచీ పైన నిలిచి ఉండే పోగులు) ఒకవైపుకి వాలి ఉండటం వల్లే ఈ మాయ. పడుగు, పేక, ముడి అన్నీ పట్టే. ఇస్ఫహాన్‌ది అలా కాదు. నూగు గొర్రెపిల్ల మెత్తటి ఉన్ని (దాన్ని కుర్క్ అంటారు), పువ్వుల అంచుల్లో మాత్రం అక్కడక్కడా పట్టు. కానీ మేలురకాల్లో కంటికి కనిపించని పడుగు పట్టుదే. పట్టుచీర కట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు, సన్నగా ఉండి కూడా తెగని దారం అది. పడుగు సన్నబడితే ముడులు దగ్గరవుతాయి. ఇరాన్‌లో సుమారు 7 సెంటీమీటర్లలో పడే ముడుల లెక్కని రజ్ అంటారు. 70 రజ్ అంటే చదరపు మీటరుకు దాదాపు 10 లక్షల ముడులు, అన్నీ చేత్తో వేసినవి!

నమూనాల్లో ఇస్ఫహాన్‌ది ఒకప్పుడు ఇరాన్‌ని ఏలిన సఫవీ రాజుల కాలం నాటి పద్ధతి: నడుమ పతకం, చుట్టూ షా అబ్బాసీ పువ్వులు (ఆ వంశపు రాజు షా అబ్బాస్ పేరు మీద పిలిచే పెద్ద పువ్వులు), మెలికల తీగలు. కుమ్‌లో ఈ నేత ఊపందుకున్నది 1930లలో. పాత సంప్రదాయం బరువు లేదు కాబట్టి కాషాన్ నుంచి, ఇస్ఫహాన్ నుంచి, నచ్చిన చోటల్లా నమూనాలు తెచ్చుకున్నారు. తోట గళ్లు, వేట దృశ్యాలు, చెట్లూ పిట్టలూ అన్నీ కనిపిస్తాయి. ఆ స్వేచ్ఛ నాకు ముచ్చటే.

అయినా పిల్లలు తిరిగే హాల్లో వేయడానికైతే ఇస్ఫహానే కొంటాను. ఉన్నిలోని సహజమైన జిడ్డు ఒలికిన నీళ్లని వెంటనే పీల్చుకోనివ్వదు, తొక్కినా నూగు మళ్లీ లేస్తుంది. పట్టుకి నీటిచుక్క మరక, కుర్చీకాలు నొక్కు. కుమ్‌ని గోడకి వేలాడదీయాలి, అదీ ఎండ తగలని గోడకి. పర్షియా నేతగాళ్లతో మొదలైందని చెప్పే మన ఏలూరు తివాచీ కూడా ఉన్నిదే మరి.

పట్టే కావాలంటే తివాచీ తిరగేసి చూడండి, వెనకా నమూనా అంతే స్పష్టంగా ఉండాలి. అంచు కుచ్చులు తర్వాత కుట్టినవి కాకూడదు, పడుగే అలా బయటికి రావాలి. కుచ్చులోంచి ఒక పోగు అడిగి కాల్చండి. కాలిన వెంట్రుక వాసన వస్తే పట్టు (ఉన్నికీ అదే వాసన వస్తుంది). కాగితం వాసన వస్తే అది విస్కోసో (చెక్కగుజ్జుతో చేసే నకిలీ పట్టు), మెరుగు పెట్టిన నూలో.