రోమ్‌లో ఒకే సమాధి కోసం రెండుసార్లు

మొదటిరోజు టూర్ గ్రూపుతో వెళ్ళి డబ్బులు వదిలించుకున్నాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, జెండా వెనకాల గంటసేపు పరిగెత్తించి, వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికా అయిపోయిందన్నారు. నేను చూడాలనుకున్న ఏడో అలెగ్జాండర్ పోపు సమాధి దగ్గర ఆగనే లేదు. లోపలికి ఉత్తినే వెళ్ళొచ్చు, ఉన్నదల్లా తనిఖీ క్యూ.

మర్నాడు ఏడింటికల్లా మేమే వెళ్ళాం. ప్రాతి పేటలో దిగడం కలిసొచ్చింది, నడిచే దూరమే. గది మాత్రం ఇరుకు, పైగా నగర పన్ను విడిగా కట్టించుకున్నారు. భుజాలూ మోకాళ్ళూ కనపడకూడదు కదా, చీర కట్టుకున్న మా అత్తయ్యగారు దర్జాగా లోపలికి నడిచారు. నిక్కరేసుకొచ్చిన మావారు మళ్ళీ గదికి పరుగు!

సమాధి ఎడమవైపు, బాగా లోపలికి ఉంది. అక్కడ ముందునుంచీ ఒక తలుపుంది. ఈ సమాధి చేసిన శిల్పి బెర్నిని దాన్ని మృత్యువు వచ్చే గుమ్మంగా మార్చేశాడు. ఎర్రటి జాస్పర్ రాతితో చేసిన పెద్ద గుడ్డ, దాన్ని కిందనుంచి పైకెత్తుతూ బంగారు పూత కంచు అస్థిపంజరం. తల గుడ్డలోనే ఉండిపోయింది, ఇసుక గడియారం పట్టుకున్న చెయ్యి మాత్రం బయటికొచ్చింది. "వీళ్ళ యముడికి పాశం లేదా? గడియారం పట్టుకొచ్చాడు!" అన్నారు అత్తయ్యగారు. ఆ రాతి మడతల్ని కుచ్చిళ్ళు సరిచూసినట్టు చాలాసేపు చూశారు.

పైన పోపు మోకరిల్లి ప్రార్థనలో ఉన్నాడు, కిందికి చూడడు. చుట్టూ సుగుణాలకి ప్రతీకలుగా ఆడమూర్తులు: ముందు బిడ్డనెత్తుకున్న దయ, సూర్యుణ్ణి గుండెకి హత్తుకున్న సత్యం. వెనక న్యాయం, వివేకం. సత్యాన్ని మొదట నగ్నంగానే చెక్కారు. పదకొండో ఇన్నోసెంట్ పోపుకి నచ్చక లోహపు వస్త్రం తొడిగించి తెల్లరంగు వేయించాడు. ఆమె పాదం కింద భూగోళం ఉంది, కాలు సరిగ్గా, పోపుని కాదన్న ఇంగ్లండు మీదే పడిందని చెప్పుకుంటారు. 1671 నుంచి 1678 దాకా సాగిన పని, పూర్తయ్యేసరికి బెర్నినికి ఎనభై దగ్గర పడ్డాయి. బొమ్మలు చాలావరకు శిష్యులు చెక్కినవే.

ఆయనే అంతకుముందు చేసిన ఎనిమిదో అర్బన్ సమాధిలోనూ అస్థిపంజరం ఉంది, పుస్తకంలో పోపు పేరు రాస్తూ. నాకు మాత్రం ఈ తలుపే నచ్చింది.

డోమ్‌కి మొత్తం 551 మెట్లు, లిఫ్టెక్కినా ఇంకో 320. మావారొక్కరే వెళ్ళారు. మేమిద్దరం బయట స్తంభాల నీడన కూర్చున్నాం. ఆ స్తంభాలు కట్టించిందీ ఈ పోపే, గీసిందీ ఈ బెర్నినే.